కోతకూ కోతకూ మధ్య

పెరటి కూరగాయల మీదికి పొలం మందు ఎందుకు రాకూడదో చెప్పే లెక్క ఒకటుంది. ఆ లెక్కలోనే పురుగును అదుపులో పెట్టే దారి కూడా ఉంది.

నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టులో నీళ్లు వదిలారు. ఆ నీళ్లతో నల్లగొండ జిల్లా హాలియా చుట్టుపక్కల సాగు రూపమే మారిపోయింది. సాగర్ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో ఎడమ కాలువ పారినంత మేరా వరి. కాలువ నీళ్లు ఎక్కని ఎర్ర చెలకల్లో పత్తి, బత్తాయి. ఒకప్పుడు జొన్న, ఆముదం, కంది కలిసి పండిన నేల ఇది. ఇప్పుడు రెండు మూడు పంటలే కనుచూపు మేరా పరుచుకున్నాయి. వాటితో పాటు పురుగుల మందు సీసా ఇంటి సామానులో ఒకటయింది. వరికి కొట్టగా మిగిలినదో, పత్తికి తెస్తే అడుగున మిగిలినదో కొట్టంలో ఒక మూల ఉంటుంది. ఇంటి వెనక వంకాయ కొమ్మ తలవాల్చినా, బెండాకు కింద పేనుబంక కనిపించినా చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. మూతెడు మందు, బకెట్ నీళ్లు, చీపురుకట్టతో చిలకరింపు. కొత్తగా ఖర్చు లేదు, శ్రమ లేదు, తెల్లారేసరికి పురుగు చచ్చి పడి ఉంటుంది. ఇంత సులువైన పనిని మానుకొమ్మని చెప్పాలంటే గట్టి కారణం కావాలి. మందులు చెడ్డవి అన్న మాట ఒక్కటే సరిపోదు. అది అందరికీ తెలుసు, తెలిసే కొడుతున్నారు.

ఆ గట్టి కారణం కోతలో ఉంది. వరికి మందు కొట్టిన రోజుకూ ఆ బియ్యం ఎసట్లో పడే రోజుకూ నడుమ వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. ఎండ తగులుతుంది, వాన కడుగుతుంది, మరలో పొట్టు పోతుంది. పెరటి బెండకు ఆ వ్యవధి లేదు. పూత విచ్చిన ఐదారు రోజులకే కాయ కోతకు వస్తుంది, ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే ముదిరి పీచు పడుతుంది. అందుకే రోజు విడిచి రోజు కోస్తారు. వంకాయ వారానికి రెండుసార్లు, బీర, దోస కూడా దాదాపు అంతే. పాలకూర, తోటకూర అయితే పొయ్యి వెలిగించాక కోసుకొచ్చేవే. ప్రతి పురుగుమందుకూ, కొట్టిన తరవాత కోతకు ఆగాల్సిన గడువు ఒకటుంటుంది. మందును బట్టి, పంటను బట్టి అది మూడు రోజులు కావచ్చు, వారం కావచ్చు, అంతకు మించీ ఉండవచ్చు. వారం గడువున్న మందు కొడితే ఆ వారంలో వచ్చే మూడు నాలుగు కోతల బెండకాయలు తెంపి పారబోయాలి. కూర కోసమే చెట్టు పెట్టుకున్న ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారు? ఎవరూ చేయరు, మూడో రోజు కాయ కోసి తాలింపు వేస్తారు. ఇది అజాగ్రత్త వల్ల వచ్చిన చిక్కు కాదు. ఎంత జాగ్రత్తపరులైనా ఆ గడువు పెరటి కోతల నడుమ ఇమడదు. నా వాదనంతా ఈ ఒక్క లెక్క మీదే నిలబడి ఉంది: కోతకూ కోతకూ మధ్య దొరికే ఒకటి రెండు రోజుల్లో ఇమిడే పద్ధతే పెరటికి పనికొస్తుంది.

చట్టం కూడా ఈ వైపే ఉంది. మన దేశంలో పురుగుమందుకు అనుమతి పంటవారీగా ఇస్తారు. వరికో పత్తికో మాత్రమే అనుమతి ఉన్న మందు వంకాయ మీద ఎన్నాళ్లు నిలుస్తుందో, ఎన్నాళ్లు ఆగి కోయాలో ఆ సీసా మీద ఉండదు. మోనోక్రోటోఫాస్ సంగతే చూడండి. కూరగాయల మీద దాని వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. వేరే పంటలకు మాత్రం అమ్మకం సాగింది కాబట్టి సీసా ఊళ్లోనే ఉండిపోయింది, ఊళ్లో ఉన్నది పెరట్లోకీ వచ్చింది. 2013 జూలైలో బీహార్ సారణ్ జిల్లా గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో కలిసిన విషం మోనోక్రోటోఫాసే. పొలం మందూ వంట సామానూ ఒకే కప్పు కింద ఉంటే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా ఘోరమైన సాక్ష్యం అక్కర్లేదు. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణానికి స్వస్తి చెబుతూ ఉత్తర్వులు రావడానికి ఇంకో పదేళ్లు, 2023 దాకా, పట్టింది. సీసాల మీద ఉండే రంగు గుర్తుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఎరుపు అన్నిటికన్నా విషం, తరవాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ గుర్తున్నది మంచి మందని చాలామంది అనుకుంటారు. ఒక్కసారిగా ఒంట్లోకి పోతే ప్రాణం తీసే గుణం ఎంతన్నదే ఆ రంగు చెబుతుంది. రోజు విడిచి రోజు కూరలో తినడం గురించి అది ఏమీ చెప్పదు.

ఉప్పునీళ్లలో కడిగితే పోదా అని అడిగేవాళ్లున్నారు. కాయ పైన అంటిన మందు కొంత పోతుంది, కడగడం మంచిదే. కానీ మోనోక్రోటోఫాస్, డైమిథోయేట్, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి ఆకు మీద పడి అక్కడే ఆగిపోయేవి కావు. మొక్క వాటిని పీల్చుకుంటుంది, రసంతో పాటు కొమ్మల్లోకి ఎక్కించుకుంటుంది. రసం పీల్చే పురుగు చావాలనే వాటిని అట్లా తయారు చేశారు. మొక్క ఒంట్లో ఉన్నదాన్ని పై నుంచి కడిగి తీయలేం.

మరి మందు లేకుండా పురుగును ఆపడం ఎట్లా? ఈ జిల్లాల చెలకలే దీనికి ఒకసారి జవాబు చెప్పాయి. ఆముదం ప్రధాన పంటగా ఉన్న రోజుల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రైతులను ఎక్కువగా ఏడిపించింది ఎర్ర గొంగళి పురుగు. తొలకరిలో గట్టి వాన పడగానే నేలలోని కోశాల నుంచి రెక్కల పురుగులు ఒక్కుమ్మడిగా బయటికి వచ్చి గుడ్లు పెడతాయి. పిల్ల పురుగులు మొదట ఆకును గీకి తింటాయి, పెద్దయ్యాక దండులాగా చేను నుంచి చేనుకు నడిచిపోతాయి. ఒళ్లంతా బొచ్చు మొలిచిన పెద్ద గొంగళి మందుకు సరిగ్గా లొంగదు. 1980ల చివర సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అనే స్వచ్ఛంద సంస్థ, వ్యవసాయ శాఖ, శాస్త్రవేత్తలు రైతులతో కలిసి దీని బతుకు తీరు పట్టి చూశారు. ఎండాకాలపు లోతు దుక్కితో కోశాలు ఎండకూ పిట్టలకూ బయటపడ్డాయి. వాన పడిన రాత్రుల్లో చేలల్లో మంటలు వేస్తే రెక్కల పురుగులు వచ్చి పడ్డాయి. చేను చుట్టూ తీసిన కందకాల్లో నడిచే గొంగళ్లు చిక్కాయి. పిల్ల పురుగుల మీద వేప గింజల కషాయం చాలింది. పురుగుమందు లేని సాగు తరవాతి కాలంలో మన దగ్గర ఒక పద్ధతిగా నిలవడానికి ఈ అనుభవం పునాదుల్లో ఒకటి. ఇందులో గమనించాల్సింది మంట, కందకం కన్నా సమయం. ప్రతి పురుగుకూ తన జీవితంలో బయటపడి, దిక్కులేకుండా ఉండే రోజులు కొన్ని ఉంటాయి. వందెకరాల వరిలో ఆ రోజును పట్టుకోవడం కష్టం. పది మొక్కల పెరట్లో, రోజూ కాయ కోయడానికి వెళ్లే మనిషికి అది కళ్ల ముందే జరుగుతుంది. మందుకు ప్రతికూలమైన ఆ తరచు కోతే ఇక్కడ మనకు బలం అవుతుంది.

వంకాయను తీసుకుందాం, దాని మీదే సీసా ఎక్కువగా లేస్తుంది కాబట్టి. కొమ్మ, కాయ తొలిచే పురుగు ఆకుల మీద గుడ్లు పెడుతుంది. కొన్ని రోజుల్లో పిల్ల పురుగు బయటికి వచ్చి, గంటల వ్యవధిలోనే లేత కొమ్మలోకో కాయలోకో తొలుచుకుపోయి, వెనక దారిని తన మలంతోనే మూసేసుకుంటుంది. సుమారు రెండు వారాలు లోపలే తిని, బయటికి వచ్చి రాలిన ఆకుల్లో కోశం కట్టుకుంటుంది. అంటే మందు తగిలేది లోపలికి దూరే ఆ కాస్త సమయంలోనే. పుచ్చు కనిపించాక ఎంత కొట్టినా అది తగిలేది కాయకు. పురుగు భద్రంగా ఉంటుంది. ఈ సంగతి అర్థమైతే చేయాల్సింది ఏమిటో దానంతటదే తెలుస్తుంది. వాడి తలవాల్చిన కొమ్మ చివర్లో పురుగు ఉంటుంది. తొలిచిన చోటికి అంగుళం రెండంగుళాల కిందికి తుంచి, సబ్బునీళ్లలో ముంచాలి లేదా లోతుగా పూడ్చాలి. చెట్టు మొదట్లో పడేస్తే పురుగు నడిచి మళ్లీ ఎక్కుతుంది. పుచ్చు కాయలనూ అట్లాగే తీసేయాలి, రాలిన ఆకులు ఊడ్చేయాలి. మగ రెక్కల పురుగులను లాగే లింగాకర్షక బుట్ట ఒకటి పెడితే మరీ మంచిది. తైవాన్‌లోని ఆసియా కూరగాయల పరిశోధన కేంద్రం 2000 తరవాత గుజరాత్, ఉత్తరప్రదేశ్, బంగ్లాదేశ్, శ్రీలంకల్లో రైతుల చేత చేయించింది సరిగ్గా ఇదే: వాడిన కొమ్మలు తుంచడం, ఎర బుట్టలు, మందు ఆపడం. మందు ఆపడం ఎందుకంటే ఈ పురుగు ఒంట్లోనే గుడ్డు పెట్టి దాన్ని తినేసే చిన్న కందిరీగ జాతి ఒకటుంది, మందుకు ముందు చచ్చేది అదే. ఇదే పురుగు కోసం బీటీ వంకాయ తెచ్చారు. హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో జనాభిప్రాయం విని, 2010 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని నిలిపేసింది. ఆ చర్చ పెద్దది. పది చెట్ల పెరటికి మాత్రం రెండు వేళ్లు చాలు.

మిగతా పురుగుల దగ్గర ఇంతసేపు ఆగనక్కర్లేదు. బెండలో ఆకుల ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులుకు మందే లేదు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది, సోకిన మొక్కను పీకేయాలి. తట్టుకునే రకాలు, ఆర్క అనామిక లాంటివి, మొదటే వేసుకోవాలి. పసుపు జిగురు అట్టలు దోమను కొంత పట్టుకుంటాయి. మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఈ తేడా తెలియకుండా ఏది చల్లినా వృథా. చిక్కుడు, అలసంద మీద పేనుబంక పడితే ముందు నీళ్ల ధాటితో కడగాలి, తగ్గకపోతే పలచని సబ్బునీళ్లు చల్లాలి. పేనుబంక విసర్జించే తీపి కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి కాబట్టి చీమల దారి కట్టేయడం కూడా వైద్యంలో భాగమే. బీర, కాకర పిందెలను పండు ఈగ పొడవకుండా కాగితం సంచి తొడగాలి, రాలిన కాయలను లోతుగా పాతిపెట్టాలి. టమాటా నడుమ బంతి వేస్తే శనగపచ్చ పురుగు బంతి పూల మీద గుడ్లు పెడుతుంది. గట్టు మీద రెండు ఆముదం మొక్కలుంటే పొగాకు లద్దె పురుగు గుడ్ల గుంపు ఆ పెద్ద ఆకు వెనక దొరుకుతుంది, ఆకుతో సహా తెంపేయడమే.

మందు పురుగును చంపి ఊరుకోదు, పురుగును తినేవాటినీ చంపుతుంది. దీనికి రుజువు మన వరిలోనే ఉంది. సుడిదోమ విరుచుకుపడటానికి ముఖ్య కారణాల్లో ఒకటి, దాన్ని తినే సాలీళ్లు విచ్చలవిడి పిచికారీలతో తుడిచిపెట్టుకుపోవడమేనని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ మాట నమ్మి ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 రకాల మందులను ఒక్క ఉత్తర్వుతో నిషేధించింది. ఆ దేశ వరి దాంతో కూలిపోలేదు. మన దగ్గర 2021-22లో మిరప తోటల మీద కొత్త రకం నల్ల తామర పురుగు పడ్డప్పుడు రైతులు దొరికిన మందల్లా కొట్టారు, పూత నిలవలేదు, తోటలు పీకేసుకున్నారు. పెరట్లో ఒక అక్షింతల పురుగు రోజుకు పదుల కొద్దీ పేనుబంక పురుగులను తింటుంది. ట్రైకోగ్రామా అనే కంటికి ఆనని పురుగు, తొలిచే పురుగుల గుడ్లలోనే తన గుడ్డు పెడుతుంది. తూనీగ పని తూనీగది, సాలీడు పని సాలీడుది, గొల్లభామ పని గొల్లభామది. ఇవన్నీ ఉండాలంటే వాటికి తిండి ఉండాలి, అంటే కొద్దిపాటి పేనుబంక చెట్టు మీద మిగలాలి. ఒక్క పురుగూ కనిపించని పెరడు కావాలనుకోవడమే మొదటి పొరపాటు.

అయినా చల్లాల్సిన రోజు వస్తుంది. అప్పుడు వేప. మన తాతలకు తెలిసిన ఈ గుణాన్ని శాస్త్రం ఆలస్యంగా, కానీ గట్టిగా ఒప్పుకుంది. 1959లో సూడాన్‌లో మిడతల దండు ఊడ్చేసిన చోట వేపచెట్లు మాత్రం పచ్చగా మిగలడం హైన్‌రిఖ్ ష్ముట్టరర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూశాడు. 1960ల మొదట్లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్ బృందం, వేప గింజల ద్రావణం చల్లిన ఆకును మిడత ముట్టదని చూపింది. అందులోని అజాడిరక్టిన్‌ను 1968లో వేరు చేశారు. వేప వల్ల పురుగు వెంటనే చావదు. తిండి మానేస్తుంది, కుబుసం విడవలేక పోతుంది. ఎండ తగిలితే వేప ద్రావణం కొద్ది రోజుల్లోనే విరిగిపోతుంది. పొలంలో దీన్ని లోపంగా చెబుతారు. కోతకూ కోతకూ మధ్య ఇమడాల్సిన పెరటికి ఇదే కావాల్సిన గుణం. వేపతో పని కాలేదనేవాళ్లు చాలావరకు మరుసటి రోజు చచ్చిన పురుగుల కోసం వెతికినవాళ్లు, లేదా వేలెడంత లద్దె పురుగు మీద చల్లినవాళ్లు. చూడాల్సింది నాలుగైదు రోజుల తరవాత కొత్త ఆకు మీద కొత్త కన్నాలు పడ్డాయా అన్నది. పెద్ద పురుగును చేత్తో ఏరేయాల్సిందే.

సహజమైనదంతా మంచిదేనా అని ఎదురు అడిగేవాళ్ల ప్రశ్న సరైనదే. కాదు. పొగాకు కషాయంలోని నికోటిన్ గట్టి విషం, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. పైగా పొగాకు వైరస్ టమాటాకు, మిరపకు అంటుకునే ప్రమాదం ఉంది. ఉమ్మెత్త కలిపిన కషాయాలు పొలం రైతుల నోట వినిపిస్తాయి, పిల్లలు తిరిగే పెరట్లోకి వాటిని తేవద్దు. ఆవు మూత్రం, పేడ కలిసిన ద్రావణాలను రేపో మాపో పచ్చిగా తినే కొత్తిమీర మీద చల్లడం మంచిది కాదు. కోతల లెక్క ఇక్కడా వర్తిస్తుంది: రేపు తినే కాయ మీద ఈ సాయంత్రం పడకూడనిది ఏదైనా, దాని పేరు ముందు సేంద్రియ అన్న మాట ఉన్నా, పెరటిది కాదు.

చుట్టూ వరి మీద మందు కొడుతుంటే నా పది మొక్కల వల్ల ఏమవుతుంది అన్న ప్రశ్నకు కూడా జవాబు ఉంది. గాలికి కొట్టుకొచ్చే తుంపర నిజమే. పొలం వైపు జొన్న వరసో, కంప పొదో దట్టంగా ఉంటే కొంత ఆగుతుంది. కానీ కాయ మీద నేరుగా పోసిన మందుకూ గాలికి వచ్చిన తుంపరకూ పోలిక లేదు. దిగుబడి తగ్గుతుంది కదా అంటే, అవును, కొంత తగ్గవచ్చు. అంగట్లో పుచ్చు వంకాయకు ధర రాదు, ఆ భయమే రైతు చేత మందు కొట్టిస్తుంది. ఇంట్లో పుచ్చు భాగం కోసేసి మిగతాది వండుకుంటారు. ధర భయం ఉన్న రైతులే మానుకోగలిగారు: ఆనాటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలం పునుకులలో పత్తి రైతులు 2004 నాటికి పురుగుమందులు పూర్తిగా వదిలేశారు, జనగామ దగ్గరి ఏనబావి 2006లో రసాయనాలు లేని ఊరినని ప్రకటించుకుంది. పత్తి చేలో జరిగింది వంకాయ పాదులో జరగదని చెప్పడానికి ఆధారం లేదు. నగరంలో మట్టే లేని చోట కూడా, కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలోని తన మిద్దె మీద కూరగాయలు పండించి మిద్దెతోటను తెలుగువాళ్ల ఇళ్లలోకి తెచ్చారు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి. ఈ ఏరడం, తుంచడం, నానబెట్టడం ఎవరు చేయాలి? నాట్లకూ పత్తి ఏరడానికీ పోయి వచ్చి, వంట చేసి, గిన్నెలు తోమే ఆడమనిషి మీదే ఇదీ పడుతుందా? పడితే అది అన్యాయమే, ఆ పద్ధతి నాలుగు వారాలు కూడా నిలవదు. మగవాళ్లు పొలానికి మందు కొట్టడానికి రోజంతా పెడతారు. పెరట్లో పొద్దున పది నిమిషాలు వాళ్లవి కావాలి. ఆకు వెనక గుడ్లు వెతకడం బడి పిల్లలకు పాఠం కన్నా ఇష్టంగా ఉంటుంది. ఇంటిల్లిపాదీ పంచుకోని పని కాబట్టే సీసా గెలుస్తోందని నా నమ్మకం.

హాలియాకు దగ్గర్లోనే కంపాసాగర్‌లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పురుగుపట్టిన కొమ్మ తీసుకుపోయి చూపిస్తే అది ఏమిటో చెప్పించుకోవచ్చు. మందు సీసాలను ఇంట్లో నుంచి తీసి, పొలం దగ్గర తాళం వేసి పెట్టండి. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో వేపపండ్లు రాలుతాయి. 2021లో కొమ్మలెండే తెగులు రాష్ట్రమంతటా వేపచెట్లను దెబ్బతీసింది కాబట్టి ఉన్న చెట్టును కాపాడుకుని, రాలినవాటిని వదలకుండా ఏరండి. గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, గోనె సంచిలో దాచాలి; ప్లాస్టిక్ సంచిలో బూజు పడతాయి. మూడు నెలలు దాటిన, ఎనిమిది పది నెలలు మించని గింజ బాగా పనిచేస్తుంది. పలుకులు దంచి, లీటరుకు 50 గ్రాముల చొప్పున గుడ్డలో కట్టి రాత్రంతా నానబెట్టి, పాలలాగా తెల్లగా వచ్చేదాకా పిండి, చిటికెడు సబ్బు కలిపి, పొద్దు వాలాక ఆకుల అడుగున తడిసేలా చల్లాలి. ఏ రోజుది ఆ రోజే వాడేయాలి. పది పదిహేను మొక్కలకు ఒక్కసారికి రెండు లీటర్లు చాలు, అంటే 100 గ్రాముల పలుకులు. పది రోజులకోసారి చల్లినా ఎనిమిది నెలలకు పట్టేది రెండున్నర కిలోలు.